పొడుగు గోడ మీది గంట

నోరీన్ సంచి నేనే సర్దాను. నేను పెట్టినవాటిలో సగం ఆమె తీసి మంచం మీద పడేసింది.

"ఇన్ని మేజోళ్ళు దేనికి వదినా? నేను వెళ్ళేది దీవికి, దక్షిణ ధ్రువానికి కాదు."

"అక్కడ గాలి ఎక్కువ."

"గాలికి మేజోళ్ళు తొడుగుతానా?"

"చెవులకి టోపీ కూడా పెట్టాను. అడుగున ఉంది చూడు."

చూసింది. టోపీ, దాని కింద టార్చిలైటు, వేడినీళ్ళు పోసుకునే రబ్బరు సంచి, నేను కాచిన ఆప్రికాట్ జామ్ సీసా, దగ్గుమందు. టోపీ ఉంచుకుంది. జామ్ ఉంచుకుంది. దగ్గుమందు తీసేసింది. ఆమె అటు తిరగ్గానే దాన్ని పక్క అరలో దూర్చాను. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

అది గోధుమరంగు తోలు సంచి. మా ఆయన కీత్‌ది. ఆయన ఆసుపత్రికి వెళ్ళిన రోజు అందులోనే రెండు జతల పైజామాలు, గడ్డం గీసుకునే సరంజామా సర్ది ఇచ్చాను. "కెటిల్ పొయ్యి మీదే ఉంచు, వచ్చేస్తా" అన్నాడు. ఆ వారంలోనే సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. అంతకు చాలా ముందు, నా తొమ్మిదో ఏట, మా నాన్న గనికి చివరిసారి పట్టుకెళ్ళిన రొట్టెల డబ్బా కూడా నేనే సర్దాను. అందుకే నా చేత్తో సర్దినవంటే నాకు భయం. సర్దకుండా ఉండటం అంతకన్నా భయం.

"కొత్త సంచి కొనుక్కోవచ్చుగా" అన్నాను.

"దీనికేం? అన్నయ్య సంచి. జిప్పు ఎంత గట్టిదో లాగి చూడు."

లాగి చూశాను. గట్టిగానే ఉంది.

కంటితో చూస్తే చాలదని, చేత్తో లాగి చూడాలని ఆ చలికాలంలోనే నేర్చుకున్నాం, మేమిద్దరం.

*

అంతా చలి వల్ల మొదలైంది.

నోరీన్ కీత్‌కి చెల్లెలు. ఆయన పోయాక ఒక నెల తోడుంటానని వచ్చి మూడేళ్ళు ఉండిపోయింది. అప్పటికి నాకు డెబ్బై, ఆమెకి అరవై నాలుగు. మా వైపు జూన్ అంటే నడిచలికాలం. ఆ జూన్‌లో లాన్సెస్టన్‌లో నది మీంచి లేచిన పొగమంచు మధ్యాహ్నందాకా కదిలేది కాదు. పైగా మా కట్టెల కొట్టానికి కప్పు కారి, ఉన్న కట్టెలన్నీ నానిపోయాయి. పొయ్యిలో పొగ తప్ప మంట లేదు. నేను రెండు స్వెటర్లు వేసుకుని, దుప్పటి కప్పుకుని, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాన్ని చేతితొడుగులతో తిప్పుతూ కూర్చునేదాన్ని.

ఒకరోజు నోరీన్ బజారు నుంచి వస్తూనే అంది. "వదినా, వెచ్చగా ఉండే చోటు కనిపెట్టాను. మంగళవారం పొద్దున అరవై దాటినవాళ్ళకే ప్రత్యేకం. టీ కూడా ఇస్తారట."

"లైబ్రరీయేనా?"

"అలాంటిదే. మీ పాత ఉన్ని మిల్లులో."

ఆ మిల్లులో పెళ్ళికి ముందు నేను ఉన్ని వడికే యంత్రాల దగ్గర పనిచేశాను. అది మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడేం పెట్టారోనని నాకూ చూడాలనిపించింది.

తలుపు తెరిచేసరికి యంత్రాలు లేవు. నేలంతా పరుపు పరిచినట్టు మెత్తగా ఉంది. గోడలకి నేల నుంచి కప్పుదాకా చెక్కలు కొట్టి, వాటి మీద రంగురంగుల పిడులు బిగించారు. వాటిని పట్టుకుని, చిక్కుడు పాదుకి కాయల్లా మనుషులు వేలాడుతున్నారు. అందులో నెరిసిన తలలు కూడా ఉన్నాయి.

"నేను ఇంటికి పోతున్నా" అన్నాను.

"టీ తాగి పో."

ఆ టీ వేడిగా ఉండటమే నా కొంప ముంచింది. కప్పు ఖాళీ అయ్యేలోపే అక్కడ గోడలెక్కడం నేర్పే మార్నీ వచ్చి మా ఎదురుగా గొంతుక్కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. లావుపాటి జడ, గట్టి గొంతు. వాళ్ళది జలసంధి దీవుల కుటుంబం, ఈ గడ్డ మీద మా అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే వాళ్ళమ్మ ఊరుకోదట. అందుకని మొదటి మాటకే మమ్మల్ని ఆంటీలని చేసేసింది.

"ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు పట్టుకుంటున్నారు?"

"నేను ఎక్కుతా. మా వదిన పట్టుకుంటుంది" అంది నోరీన్.

"నేనేం పట్టుకోను" అన్నాను.

"నువ్వు పట్టుకోకపోతే నేను పడతాను వదినా. నీ ఇష్టం మరి."

మార్నీ నడుముకీ తొడలకీ పట్టీలు బిగించింది. తాడు ఒక కొస నోరీన్ నడుము పట్టీకి, ఎనిమిది అంకెలాంటి ముడితో. అక్కడినుంచి తాడు కప్పు కింద ఉన్న దూలం మీదుగా పోయి, ఇంకో వైపు కిందికి దిగి, నా నడుము పట్టీకి కొక్కెంతో తగిలించిన పరికరంలోంచి నా చేతుల్లోకి వచ్చింది. ఆమె ఎక్కుతుంటే నేను తాడు లాక్కుంటూ ఉండాలి. జారితే బిగించాలి.

"ఇక్కడ ఒక్కటే నియమం ఆంటీ" అంది మార్నీ. "నేల వదిలేముందు ఒకరిది ఒకరు చూడాలి. ఎక్కేవాళ్ళ ముడి పట్టుకునేవాళ్ళు, పట్టుకునేవాళ్ళ కొక్కెం ఎక్కేవాళ్ళు. కళ్ళతో కాదు. చేత్తో, లాగి. ఇరవై ఏళ్ళ నుంచి ఎక్కుతున్న మొనగాళ్ళయినా సరే."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"ఇందాకే చూశాం కదా అనరా ఎవరూ?"

"అన్నవాళ్ళని ఇంటికి పంపించేస్తాను."

నాకు ఉన్నట్టుండి ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గ్యాస్ కట్టేశానా, తాళం పడిందా, బస్సు టిక్కెట్టు జేబులోనే ఉందా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటానని జన్మంతా నన్ను ఏడిపించినవాళ్ళే. ఇక్కడ నా జబ్బునే నియమం చేసి పెట్టారు.

నోరీన్ ముడి లాగి చూశాను. ఆమె నా కొక్కెం లాగి చూసింది. ఆ తర్వాత అనాల్సిన నాలుగు మాటలు మార్నీ మా చేత బడిపిల్లల్లా వల్లె వేయించింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఎక్కుతున్నా."

"ఎక్కు."

*

నేను పట్టుకోవడం అంటే ఎలా పట్టుకున్నానో చెప్పాలి. నోరీన్ బెత్తెడు ఎక్కితే నేను మూరెడు లాగేదాన్ని. తాడు వీణ తీగలా మోగేంత బిగువు. ఆమె కాలు ఒక పిడి మీద పెట్టబోతే, నా లాగుడికి ఆ కాలు దాన్ని దాటి పైకి పోయేది.

"వదులివ్వు వదినా, వదులు!"

"వదిలితే పడవూ?"

"నేను ఎక్కడం లేదు తల్లీ, బావిలో చేదలా నువ్వే నన్ను తోడేస్తున్నావు!"

మిల్లంతా నవ్వింది. మార్నీ నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులు వేసి చూపించింది. తాడు మరీ బిగిస్తే ఎక్కేవాళ్ళకి తమ బరువు తమకి తెలీదట. తెలియకపోతే కాళ్ళు నేర్చుకోవట. కొంచెం వదులుంచాలి, అరచేతి వెడల్పు. ఆ అరచేతి వెడల్పుతో నేను చాలా వారాలు కుస్తీ పట్టాను. ఇంట్లో డ్రెస్సింగ్ గౌను నడికట్టుతో కుర్చీ కాలికి ముడులు వేసి సాధన చేసేదాన్ని. ఒకసారి విప్పడం మరిచిపోతే నోరీన్ కుర్చీ జరుపుకోబోయి, కుర్చీతోపాటు బల్లని కూడా లాక్కొచ్చింది.

"రేపు నన్ను కూడా మంచానికి కడతావేమో, ముందే చెప్పు" అంది, చెంచాలు ఏరుకుంటూ.

జూలై మొదట్లో అనుకుంటాను, నోరీన్ జారింది. పసుపు పిడుల దారిలో సగం పైకి పోయి, "ఇది సులువే" అని నోరు మూసేలోపే కాలు తప్పింది. ఆమె నాకన్నా బరువు. అందుకని నన్ను వెనకనుంచి ఒక ఇసుక మూటకి కట్టేవారు. ఆమె కిందికి వచ్చింది, నేను పైకి లేచాను. నా కాళ్ళు నేల విడిచాయి. ఇసుక మూట కూడా ఒక పక్కకి లేచి నిలబడింది. అక్కడ ఆగిపోయాం, గాల్లో, ఒకరికొకరం ఎదురుగా.

నా కుడిచేయి తాడు మీద బిగుసుకుపోయి ఉంది. వదల్లేదు.

"హలో వదినా" అంది నోరీన్.

తర్వాత నెమ్మదిగా ఆమెని కిందికి దించాను. రెండు కాళ్ళూ నేల మీద ఆనాయి. ఆ రోజు మధ్యాహ్నం మిల్లు మెట్ల మీద కూర్చుని స్కాలప్ గుల్లల కూర లోపల పెట్టి కాల్చిన 'పై' రొట్టె తింటుంటే నాకు అర్థమైంది. ఇన్నేళ్ళలో నా కళ్ళ ముందు వెళ్ళిన మనిషిని నా చేత్తో వెనక్కి తెచ్చుకోవడం అదే మొదటిసారి. ప్రతి మంగళవారం ఎన్నోసార్లు నోరీన్ పైకి వెళ్తుంది. వెళ్ళిన ప్రతిసారీ తిరిగి వస్తుంది.

"ఇంకోటి తింటావా?" అంది నోరీన్.

"వచ్చే వారం నేను కూడా ఎక్కుతాను" అన్నాను.

తింటున్న ముక్క ఆమె గొంతులో అడ్డుపడింది. వీపు మీద చరచాల్సి వచ్చింది.

*

మొదట్లో నేను గోడని కావలించుకునేదాన్ని. పొట్ట, చెంప, ముక్కు, అన్నీ గోడకే.

"గోడకి ముద్దులు పెట్టకండి ఆంటీ, అది పెళ్ళయిన గోడ" అని అరిచేది మార్నీ. "చేతులు చాచి ఉంచండి. మెట్లెక్కేటప్పుడు చేతులతో ఎక్కుతామా? కాళ్ళని చూసుకోండి."

బిగుతు బూట్లలో వేళ్ళు ముడుచుకుపోయేవి. అరచేతులకి సుద్దపొడి రాసుకుని చిన్న గోడ ఎక్కాను. ఎక్కడం ఫరవాలేదు, దిగడమే రాలేదు. దిగాలంటే గోడ వదిలేసి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలాలి, కింద పట్టుకున్నవాళ్ళు దించుతారు. నేను వదల్లేక, ఒక్కో పిడీ వెతుక్కుంటూ వచ్చిన దారినే దిగేదాన్ని. నేల మీదికి వచ్చేసరికి ఎక్కినదానికన్నా ఎక్కువ అలసిపోయేదాన్ని. నోరీన్ కింద ఆవలించేది, వినపడేలా.

ఒక్కో వారం ఒక్కో గోడ అయింది. చివరికి మిగిలింది పొడుగు గోడ. మిల్లులో ఒకప్పుడు ఉన్నిమూటలు పైకి లాగే చోట, మూడంతస్తుల ఎత్తున ఉండేది. దాని కొసన మిల్లు పాత గంట వేలాడదీశారు. ఒకప్పుడు షిఫ్టు మారితే మోగిన గంటే. మొదటిసారి పైదాకా ఎక్కినవాళ్ళు దాన్ని కొట్టాలి. అది మోగగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి, అరచేతులతో గోడలని చరుస్తారు. తాడు పట్టుకున్నవాళ్ళు అందరికీ చాక్లెట్, కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులు తేవాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో గాని తప్పడానికి లేదు.

పొడుగు గోడ మీద పైనుంచి కొంచెం కిందుగా గోడ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ బొజ్జ దాటడానికి ఎడమ కాలు బాగా పైకి వేసి, కుడిచేయి వదిలేసి, ఒంటికాలి మీద లేచి నిలబడాలి. అక్కడ ఎర్ర పిడి అందుతుంది. అది అందితే గంట అందినట్టే. నేను ప్రతిసారీ ఆ బొజ్జ కింద ఆగిపోయేదాన్ని.

జూలై చివరలో ఒక మంగళవారం మార్నీ నా బూటు లేసు బిగిస్తూ మామూలుగా అంది. "క్లారీ వంటగది మొత్తం తిరగగొట్టి కొత్తగా కడుతున్నాడటగా ఆంటీ. దీవిలో ఉండే మా మామయ్య చెప్పాడు. కిటికీ సముద్రం వైపు పెట్టిస్తున్నాడట, నోరీన్ ఆంటీకి అటే కావాలందని."

మార్నీ తలెత్తి నా మొహం చూసింది. లేసు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"మీకు తెలుసనుకున్నాను."

"తెలుసు" అన్నాను.

కారులో ఇంటికి వెళ్తుంటే అడిగాను. "క్లారీ ఎవరు?"

నోరీన్ గేరు మార్చబోయి వైపర్లు వేసింది. వాన లేదు.

"గొర్రెలు పెంచుతాడు. ఫ్లిండర్స్ దీవిలో. రెండేళ్ళ కిందట వ్యవసాయ ప్రదర్శనలో కేకుల దుకాణం దగ్గర కలిశాడు. భార్య పోయింది. మంచివాడు."

"ఆదివారాలు ఫోను పట్టుకుని బట్టలుతికే గదిలోకి పోతావే, అది చర్చి కమిటీ అన్నావు?"

"చర్చికి వెళ్తాడు కదా, కమిటీలో కూడా ఉన్నాడు."

"రమ్మని ఎప్పుడడిగాడు?"

"పోయిన క్రిస్మస్‌కి."

"ఏమన్నావు?"

"మా వదిన సంగతి చూడాలన్నాను."

"నా సంగతి చూడటానికి ఏముంది?"

"బల్బు మార్చడానికి స్టూలెక్కవు. నేను బజారు నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే పోలీసులకి ఫోన్ చేస్తావు."

"ఒక్కసారి చేశాను."

"రెండుసార్లు. రెండోసారి ఆ పోలీసాయన నన్ను పేరు పెట్టి పలకరించాడు." వైపర్లు గాజు మీద కీచుమంటూనే ఉన్నాయి. "అన్నయ్య చివరి రోజున అడిగాడు వదినా. దాన్ని ఒక్కదాన్నీ వదిలేయకు అన్నాడు. సరేనన్నాను."

"అందుకని నన్ను గోడ ఎక్కించావా?"

"లేదు, ఒట్టు. చలికి తట్టుకోలేక తీసుకెళ్ళాను. కానీ నేను జారిన రోజు నువ్వు పట్టుకున్నావు చూడు, ఆ రోజు ఇంటికొచ్చి క్లారీకి చెప్పాను. మా వదిన పొడుగు గోడ ఎక్కి గంట కొట్టాక బయల్దేరతానని."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. అయితే ఈ జన్మకి కాదన్నమాట అన్నాడు."

"నన్ను చూడకుండానే?"

"ఫోటో చూశాడు."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చేదాకా దాని గురించే రుసరుసలాడాను. గొర్రెలు కాసుకునేవాడికి నా గురించి ఏం తెలుసన్నాను. కానీ నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక, కోపం కింద ఉన్నది బయటికి వచ్చింది. ఆ గంట మోగితే ఈ ఇంట్లో రెండో కప్పు ఉండదు.

*

తర్వాతి మంగళవారం బొజ్జ కిందికి ఎప్పటికన్నా సులువుగా చేరాను. ఎడమ కాలు పైకి పడింది. లేచి నిలబడ్డాను కూడా. ఎర్ర పిడి నా ముఖానికి ఎదురుగా ఉంది. చేయి చాస్తే అందుతుంది.

చాచలేదు. "అందడం లేదు" అన్నాను. "దించు."

నోరీన్ దించింది. ముడి విప్పుకున్నాను. చోట్లు మార్చుకున్నాం. ఆమె ముడి నేను లాగి చూశాను, నా కొక్కెం ఆమె లాగి చూసింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

నోరీన్ ఆ రోజు ఎంత బాగా ఎక్కిందో! ఆమె పొడుగు గోడ కొసదాకా పోవడం అదే మొదటిసారి. బొజ్జ దాటింది. ఎర్ర పిడి పట్టుకుంది. దాని మీదికి కాలు తెచ్చుకుంది. గంట తాడు ఆమె భుజం పక్కన ఊగుతోంది. కిందనుంచి మెడ రిక్కించి చూస్తున్నాను, మోగుతుందని, ఏం చేయాలో తెలియని గుండెతో.

ఆమె గంట పక్కనున్న గోడని అరచేత్తో ముట్టుకుంది. "అందడం లేదు వదినా" అంది. "దించు."

దించాను.

కిందనుంచి చూస్తే అంతా తెలిసిపోతుంది. ఏ చేతికి ఏది అందుతుందో, ఏది అందదో, నేల మీద నిలబడినవాళ్ళకి తెలిసినంతగా పైనున్నవాళ్ళకి తెలియదు. నా విషయం ఆమెకీ అంత స్పష్టంగా కనపడి ఉంటుంది. ముడి విప్పుతూ ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర గొర్రె మాంసం కూర, ఉడికించిన బంగాళాదుంపలు. నోరీన్ దుంపని చిదుపుతూనే ఉంది, తినడం లేదు.

"కిటికీ సముద్రం వైపేనా?" అన్నాను.

ఆమె ఫోర్క్ ఆగింది. "అవును."

"ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పు పడతాయి. ఇత్తడివి వేయించమను."

నోరీన్ దుంప ముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత ఉప్పు సీసా నా వైపు జరిపింది. నేను అడగలేదు.

*

ఆ తర్వాత జలుబు చేసి నాకు రెండు వారాలు పోయాయి. తర్వాత ఆమెకి అంటుకుంది. మళ్ళీ మిల్లుకి వెళ్ళేసరికి సెప్టెంబరు వచ్చింది, దారి పొడుగునా వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి.

నేనే ముందు కట్టుకున్నాను. నా ముడి చూసేటప్పుడు నోరీన్ ఒకసారి కాదు, మూడుసార్లు లాగింది.

"ఊడదులే" అన్నాను.

"నియమం" అంది. గొంతు బాగాలేదు, జలుబు ఇంకా తగ్గలేదనుకున్నాను.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఎక్కుతున్నా."

ఆమె ముందు తాడు చేతికి సరిచేసుకుంది. తర్వాత అంది, "ఎక్కు."

ఎక్కాను. చేతులు చాచి, కాళ్ళని చూసుకుంటూ. మొదటి అంతస్తు, ఒకప్పుడు ఉన్ని దుమ్ములో నేను దగ్గుతూ నిలబడిన అంతస్తు, నా బూట్ల కిందికి దిగిపోయింది. రెండో అంతస్తు దగ్గర ఆగి, ఒక్కో చేయీ కిందికి వేలాడేసి విదిలించుకున్నాను. ఊపిరి తీసుకున్నాను. బొజ్జ కిందికి వచ్చాను. ఎడమ కాలు పైకి లేపాను, మోకాలు నా చెవి దగ్గరికి వచ్చినట్టనిపించింది. బొటనవేలు చిన్న పిడి అంచు మీద పెట్టి, బరువంతా దాని మీదికి తెచ్చి, లేవబోయాను.

లేవలేకపోయాను. నా నడుము పట్టీ నన్ను పక్కకి లాగేస్తోంది. కాలు జారిపోతోంది. ఏమిటా అని తల వంచి చూస్తే తాడు వీణ తీగలా బిగుసుకుపోయి ఉంది. కింద నోరీన్, రెండు చేతులతో తాడు గుండెలకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, శక్తంతా పెట్టి లాగుతోంది.

"నోరీన్!" అని అరిచాను. "వదులివ్వవే! నేనెక్కుతానా, నువ్వు తోడతావా?"

మిల్లు అంతా ఘొల్లుమంది. మార్నీ కింద కూలబడి నవ్వుతోంది. నోరీన్ కళ్ళు తెరిచింది. నవ్వుతూనే, ముక్కు భుజానికి తుడుచుకుంటూ, తాడు వదిలింది. అరచేతి వెడల్పు.

నా బరువు మొత్తం నా కాలి మీదికి వచ్చింది. నా డెబ్బై ఏళ్ళూ ఆ బొటనవేలి మీద నిలబడ్డాయి. కుడిచేయి వదిలేశాను. లేచాను. ఎర్ర పిడి నా గుప్పిట్లోకి వచ్చింది, తలుపు పిడిలా. దాన్ని దాటి మరో అడుగు. ఇంకో అడుగు. గంట తాడు నా చెంపకి తగిలింది.

ఎంత గట్టిగా కొట్టానంటే కప్పులో గూళ్ళు పెట్టుకున్న పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. మిల్లులో పనిచేసిన రోజుల్లో ఈ గంట వింటే వెళ్ళాలి, రావాలి, అంతే. దాన్ని కొట్టే తాడు ఎప్పుడూ ఇంకెవరి చేతిలోనో ఉండేది. మళ్ళీ కొట్టాను. కింద గోడలన్నీ మోగుతున్నాయి. ఎక్కడివాళ్ళక్కడ ఆగి అరచేతులతో చరుస్తున్నారు, ఆ చప్పుడు చెక్కల్లోంచి నా కాళ్ళలోకి వస్తోంది. ఇంకోసారి కొట్టాను.

"చాలు ఆంటీ! అగ్నిమాపకదళం వచ్చేస్తుంది!" అని కేకేసింది మార్నీ.

"ఆ గొర్రెలవాడికి ఫోన్ చెయ్యండి ఎవరైనా! ఈ జన్మలోనే అని చెప్పండి!" అని పైనుంచి అరిచాను.

తర్వాత రెండు చేతులూ వదిలేసి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలాను. నోరీన్ నన్ను దించింది. నేల మీదికి వచ్చాక ముడి విప్పుకోకుండానే కావలించుకున్నాం. ఇద్దరి మధ్య తాళ్ళు, కొక్కేలు, సుద్దపొడి. ఆ తర్వాత తాడు నా నడుముకి తగిలించుకుని ఆమె ముడి లాగి చూశాను.

"వెళ్ళి నీది కూడా కొట్టేసి రా" అన్నాను.

వెళ్ళింది. కొట్టింది. ఆ వారం ఆమె లామింగ్టన్లు చేసింది, ఆ తర్వాతి వారం నేను చేశాను. నావి కొంచెం మాడాయి. ఎవరూ ఏమీ అనలేదు, నోరీన్ తప్ప.

*

దీవికి వెళ్ళేది చిన్న విమానం. మనుషుల్ని కూడా సామానుతోపాటు తూస్తారు. నోరీన్ తూకం మీద నిలబడి నా వైపు తిరిగి, "నీకు తెలిసిందేగా, కొత్తగా చూసేదేముంది?" అంది. కౌంటరు దగ్గరున్న అబ్బాయి మర్యాదగా వేరే వైపు చూశాడు.

గేటు దగ్గర నేనింకేమీ ఆమె చేతిలో పెట్టలేదు. వెనక్కి పిలవలేదు. గోధుమరంగు సంచి జిప్పు లాగి చూశాను. పట్టీ లాగి చూశాను. ఆమె నా కోటు పై గుండీ లాగి చూసింది.

"మెట్లగది బల్బు పోయింది వదినా, నిన్న చెప్పడం మర్చిపోయాను."

"పొద్దున్నే మార్చాను."

నోరీన్ నా మొహం కేసి చూసింది, పొడుగు గోడ కిందనుంచి చూసినట్టు. తల ఊపి, సంచి భుజాన వేసుకుని, గాలిలో టోపీ పట్టుకుంటూ నడిచింది. చెవుల టోపీ. అదే పెట్టుకుంది.

మంగళవారాలు నేనిప్పటికీ మిల్లుకి వెళ్తాను. కొత్తగా వచ్చినవాళ్ళకి తాడు పట్టుకుంటాను, బిగించను. ప్రతి క్రిస్మస్‌కి ఆ చిన్న విమానమెక్కి దీవికి, నోరీన్ దగ్గరికి నేనే వెళ్తాను. అక్కడి వంటగది కిటికీకి బందులు ఇత్తడివే. క్లారీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

నోరీన్ వెళ్ళింది రెండువేల పదమూడు అక్టోబరు పన్నెండు, శనివారం ఉదయం. ఈ ఇంటికి మళ్ళీ రాలేదు.